బీడు పొలంలో మేత గడ్డి – విత్తే ముందు ఒక మాట

అన్నలూ, తమ్ముళ్లూ, తొలకరి దగ్గర పడింది. ఏటేటా వేరుశెనగే వేసి సారం పోయిన ఎర్ర చెలకల్లో ఈసారి మేత వేద్దామనుకునేవాళ్ల కోసం ఇది.

మన అనంతపురం వానకు అంజన్ గడ్డి, స్టైలో కలిపి చల్లడమే మేలు. గడ్డి వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి, స్టైలో పప్పుజాతి కాబట్టి నేలకు నత్రజని ఇస్తుంది. ముందు వాలుకు అడ్డంగా గట్లు సరిచేసుకోండి, నీళ్లు పారిపోతే ఎంత విత్తనం చల్లినా దండగే.

స్టైలో గింజ తోలు మందం. అలాగే చల్లితే సగం మొలవదు. పోయినేడు నేను చేసిన తప్పు అదే, పక్కింటాయన ఇప్పటికీ నవ్వుతాడు! నీళ్లు మరగకముందే, 80 డిగ్రీల దగ్గర దించి, గింజల్ని నాలుగైదు నిమిషాలు ఉంచండి. తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టండి. అంజన్ విత్తనం దూదిలా తేలిక, గాలికి పోతుంది. తడి ఇసుకలో కలిపి చల్లండి. లోతుగా వద్దు, పైపైన ముళ్లకంప లాగితే చాలు.

మొదటి ఏడాది పశువుల్ని లోపలికి వదలొద్దు, ఎవరు అడిగినా సరే. లేత దుబ్బుల్ని వేళ్లతో సహా పీకేస్తాయి. కోసి ఇంటికి తెచ్చి వేయండి. రెండో ఏడాది నుంచి పొలాన్ని నాలుగు మడులు చేసి వంతులవారీగా మేపుకోవచ్చు. దుబ్బు మరీ నేలకంటా దిగకముందే పక్క మడికి మార్చండి.

విత్తనం కావలసినవాళ్లు ఎన్ని ఎకరాలో ఇక్కడే రాయండి, కలిపి తెప్పిద్దాం.