మెషిన్ కంటే ముందు మీ రిజెక్ట్ బిళ్లలు పంపండి

కస్టమర్లందరికీ నెల్లూరు ఆటోనగర్ నుంచి నమస్కారం.

మందు బిళ్లల్లో లోపాలను కెమెరాలతో పట్టే మా టాబ్లెట్ ఇన్‌స్పెక్షన్ మెషిన్‌కి ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్న వాళ్ళకీ, కొటేషన్ అడిగిన వాళ్ళకీ, ఇప్పటికే మా మెషిన్ నడుపుతున్న వాళ్ళకీ చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఫోన్లో ఒక్కొక్కరికి సగం సగం చెప్పడం కన్నా అందరికీ ఒకేసారి రాస్తే మేలనిపించింది.

ముందు డెలివరీ సంగతి. రెండు డ్రమ్ముల మోడల్‌కి అడ్వాన్స్ ఇచ్చిన వాళ్ళందరికీ మెషిన్ అనుకున్న తేదీ కన్నా ఆలస్యంగా వస్తుంది. ఫ్రేములు, డ్రమ్ములు అంబత్తూరు నుంచి వచ్చేశాయి. కెమెరాలు, లెన్సులు బయటి దేశం నుంచి రావాలి, సప్లయర్ గడువు పెంచాడు. మార్కెట్లో దొరికే వేరే కెమెరాలు పెట్టి పంపెయ్యమని కొందరు అడిగారు. ఆ పని చెయ్యను. కెమెరా మారితే లెన్స్ మారుతుంది, లైటు మారుతుంది, ట్రిగ్గర్ టైమింగ్ మారుతుంది. క్వాలిఫికేషన్ కాగితాల్లో (మెషిన్ సరిగ్గా పనిచేస్తుందని రుజువు చేసే పత్రాల్లో) ఒక మోడల్, మెషిన్ మీద ఇంకో మోడల్ ఉంటే ఆడిట్ రోజున సమాధానం చెప్పుకోవాల్సింది మీరు. ఆగలేని వాళ్ళకు అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇచ్చేస్తాను, అందులో మొహమాటం ఏమీ వద్దు. ఆగేవాళ్ళకు పాత ధరే. ఇక మీద ఇచ్చే కొటేషన్లలో మాత్రం ధర పెరుగుతుంది. ఎందుకో కింద చెబుతాను.

చాలామంది తొందరకు కారణం షెడ్యూల్ ఎం, అంటే మందుల తయారీ ఎలా ఉండాలో చెప్పే నిబంధనలు. 2023 డిసెంబర్‌లో కేంద్రం దాన్ని సవరించింది. 250 కోట్ల లోపు టర్నోవర్ ఉండి, దరఖాస్తు పెట్టుకున్న యూనిట్లకు పొడిగించిన గడువు 2025 డిసెంబర్ 31తో ముగిసింది. జీడిమెట్ల నుంచీ, పరవాడ నుంచీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి, అందరి గొంతులోనూ టెన్షనే. నా వ్యాపారానికి నష్టమైనా సరే చెబుతాను: షెడ్యూల్ ఎంలో కెమెరా మెషినే పెట్టాలని ఎక్కడా లేదు. మంచి వెలుతురు కింద నడిచే ఇన్‌స్పెక్షన్ బెల్టు, శిక్షణ ఉన్న మనుషులు, కళ్ళకు మధ్యమధ్యలో విశ్రాంతి, సరైన రికార్డు ఉంటే మీరు నడుపుతున్న పద్ధతినే సమర్థించుకోవచ్చు. రోజుకు ఒకటి రెండు చిన్న బ్యాచ్‌లు తీసే యూనిట్ అప్పు చేసి మా మెషిన్ కొనాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇక నుంచి మీ టాబ్లెట్లతో, ముఖ్యంగా మీ రిజెక్ట్‌లతో, మా వర్క్‌షాప్‌లో ట్రయల్ అయ్యాకే ఆర్డర్ తీసుకుంటాం. ట్రయల్‌కి డబ్బు తీసుకోము. బ్రోచర్ చూసి వెంటనే అడ్వాన్స్ పంపుతామన్నా తీసుకోము.

కారణం చెబుతాను. తెల్ల బిళ్ల మీద నల్ల చుక్కను పట్టడం కెమెరాకు తేలిక. అదే తెల్ల బిళ్ల అంచు కాస్త విరిగితే కష్టం, ఎందుకంటే విరిగిన చోటు కూడా తెల్లగానే ఉంటుంది. రంగులో తేడా లేదు కాబట్టి నీడ ఒక్కటే ఆధారం. అందుకని మా మెషిన్ ఒక్కో బిళ్లకు రెండు ఫ్లాష్‌లు కొడుతుంది. మొదటిది గుండ్రటి గోపురం లాంటి లైటు, అన్ని వైపుల నుంచీ సమానంగా పడుతుంది. మచ్చలు, రంగు తేడాలు అందులో తెలుస్తాయి. రెండోది పక్క నుంచి, బాగా కింది నుంచి ఏటవాలుగా పడే లైటు. గుంటలు, పగుళ్ళు, విరుపులు అందులో నీడలై బయటపడతాయి. కానీ ఆ ఏటవాలు లైటుకే టాబ్లెట్ మీద చెక్కిన అక్షరాలు కూడా నీడలు వేస్తాయి. పైగా బిళ్ల ఏ దిక్కుకు తిరిగి వస్తుందో తెలియదు. సాఫ్ట్‌వేర్ ముందు ఆ అక్షరాలను గుర్తుపట్టి, అవి ఉండాల్సిన నీడలని పక్కన పెట్టి, మిగిలినదాన్ని చూడాలి. ఆర్, బి, 8 లాంటి వాటి మధ్య ఉండే చిన్న దీవుల దగ్గర పౌడర్ పంచ్‌కి (పొడిని నొక్కి బిళ్లగా చేసే అచ్చుకి) అంటుకుపోయి ఊడి వస్తే – మీరు పికింగ్ అంటారే, అది – పట్టడం అన్నిటికన్నా కష్టం. అక్కడ లిమిట్ బిగిస్తే మంచి బిళ్లలు పోతాయి, వదులు చేస్తే చెడ్డవి దాటిపోతాయి. ఎంత బిగించాలన్నది మీ పంచ్‌తో కొట్టిన మీ బిళ్లలు చూడకుండా నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు.

రిజెక్ట్‌లు పంపమంటే కొందరు మంచి బిళ్లను గోరుతో గీకి, బాల్‌పెన్‌తో చుక్క పెట్టి పంపుతున్నారు. దయచేసి అలా చెయ్యకండి. పెన్ను చుక్క నల్లగా, అంచు కోసినట్టు ఉంటుంది, ఏ కెమెరా అయినా పట్టేస్తుంది. పై పంచ్ నుంచి కారిన నూనె పౌడర్‌తో కలిసి పడే మచ్చ అలా ఉండదు. బూడిద రంగులో, అంచులు చెదిరిపోయి, ఒక్కోసారి బిళ్ల లోపలికి సగం దిగిపోయి ఉంటుంది. మీ లైన్లో వచ్చేది ఆ మచ్చ. ట్రయల్ కూడా ఆ మచ్చతోనే జరగాలి.

పంపేటప్పుడు ఒక్కో రకం లోపాన్ని ఒక్కో డబ్బాలో వెయ్యండి. క్యాపింగ్ (బిళ్ల పై పొర టోపీలా ఊడిపోవడం), చిప్పింగ్ (అంచు విరగడం), స్టికింగ్ (పౌడర్ పంచ్‌కి అంటుకోవడం), మచ్చలు, కోటింగ్ లోపాలు – ఏది ఉంటే అది. పైన దూది గట్టిగా పెట్టండి, లేకపోతే కొరియర్లో కొత్త చిప్పులు పుడతాయి, మీ ప్రెస్ (బిళ్లలు కొట్టే యంత్రం) లోపమేదో దారిలో వచ్చిందేదో తేలదు. మంచి బిళ్లలు కూడా కావాలి, అవీ కనీసం మూడు వేర్వేరు బ్యాచ్‌లవి, ఎందుకంటే కోటింగ్ రంగు బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ కొద్దిగా మారుతుంది, మెషిన్ దాన్ని లోపం అనుకోకూడదు. హార్మోన్లు, క్యాన్సర్ మందులు, నార్కోటిక్ కిందకు వచ్చేవి పంపవద్దు. వాటికి అదే పంచ్‌తో, అదే కోటింగ్‌తో చేసిన ప్లాసిబో (మందు లేని బిళ్లలు) పంపండి. ట్రయల్ అయ్యాక లెక్కపెట్టి అన్నీ తిరిగి మీకే చేరుస్తాం.

మా వర్క్‌షాప్ మొదలైంది జిల్లాలోని రైస్ మిల్లుల్లో చెడ్డ గింజలు ఏరే సార్టెక్స్ మెషిన్ల రిపేర్లతో అని పాత కస్టమర్లకు తెలుసు. కెమెరా చూస్తుంది, గాలి కొట్టి చెడ్డ గింజను పక్కకు తోస్తుంది – సూత్రం అదే. కానీ మిల్లులో గాలికి కొట్టుకుపోయిన మంచి గింజ రెండో పాస్‌లో తిరిగి వస్తుంది, మిగిలినది రిజెక్షన్ బియ్యంగా ఏదో ఒక ధరకు పోతుంది. మీ దగ్గర ఆ దారి లేదు. రిజెక్ట్ డబ్బాలో పడ్డ టాబ్లెట్‌ని ఊరికే మళ్ళీ మెషిన్లో పోయలేరు, దానికి రాసిపెట్టిన ప్రొసీజర్ ఉండాలి, చాలా వరకు నాశనం చేయాల్సిందే. అందుకే మంచి బిళ్లల్లో ఎన్ని పోతున్నాయన్నది నాకు చెడ్డవి ఎన్ని దొరికాయన్నంత ముఖ్యం. పది లక్షల బిళ్లల బ్యాచ్‌లో ఒక శాతం మంచివి పోతే పదివేల బిళ్లలు. ఇక నుంచి మా ఆఫర్ లెటర్‌లో రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి: మీ శాంపిల్‌లో పట్టిన చెడ్డవాటి శాతం, అదే సెట్టింగ్‌లో పోయిన మంచివాటి శాతం. ఒక్క అంకె మాత్రమే చూపించే ఆఫర్ ఎవరిచ్చినా, మేమిచ్చినా, రెండోది అడగండి.

ఏది చెడ్డ బిళ్ల అన్నదాని మీద మీ క్యూఏ (నాణ్యత చూసే విభాగం) ఒక మాట, ప్రొడక్షన్ ఒక మాట అంటే ట్రయల్ ముందుకు సాగదు. దీనికి ఇంజెక్షన్ల వాళ్ళ దగ్గర 1980 నుంచి ఒక పద్ధతి ఉంది, క్నాప్ టెస్ట్ అంటారు. ఒకే శాంపిల్‌ని చాలామంది ఇన్‌స్పెక్టర్లు, చాలాసార్లు, ముందేం తేలిందో తెలియకుండా చూస్తారు. పదింట ఏడుసార్లో అంతకన్నా ఎక్కువో రిజెక్ట్ అయినది ఖాయంగా చెడ్డది. మూడుసార్లకు లోపు అయినది మంచిది. మధ్యలోవి అనుమానపు కోవ. మెషిన్ ఖాయంగా చెడ్డవైన వాటిని మనుషులంత బాగా, లేదా ఇంకా బాగా పట్టాలి. టాబ్లెట్లకూ మేం ఇదే వాడుతున్నాం. అందుకోసం మీ బెల్టు దగ్గర కూర్చునే అమ్మాయిల్లో ఇద్దరు ముగ్గురిని ట్రయల్‌కి పంపమని ప్రతి కంపెనీనీ అడుగుతున్నాను. ఏళ్ళ తరబడి కదిలే బిళ్లలు చూసిన కళ్ళవి. మేనేజర్లు సరేనన్న బిళ్లను వాళ్ళు పక్కకు తీసి, ఎందుకో చూపించడం నేను చూశాను. మెషిన్ వచ్చాక వాళ్ళను ఇంటికి పంపేస్తామని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది. రోజూ మెషిన్‌ని పరీక్షించడానికీ, లోపాల ఫోటోలకు పేరు పెట్టడానికీ వాళ్ళకన్నా తగినవాళ్ళు లేరు.

ధర పెరగడానికి కారణం అంచు. మొదటి డ్రమ్ము వాక్యూమ్‌తో బిళ్లను పట్టుకుని ఒక ముఖం చూపిస్తుంది, రెండో డ్రమ్ము అందుకున్నప్పుడు రెండో ముఖం కనిపిస్తుంది. చుట్టూ ఉన్న అంచును ఇంతవరకు అద్దాలతో చూసేవాళ్ళం. కోటింగ్ లేని బిళ్లల పౌడర్ ఆ అద్దాల మీద పేరుకుంటుంది, గంటగంటకూ తుడవాలి. కొత్త మోడల్‌లో అద్దాలు తీసేసి అంచుకు విడిగా కెమెరాలు పెడుతున్నాం. ఆ ఖర్చే పెరిగింది. బిళ్ల ఫీడర్ నుంచి డ్రమ్ము మీదికి పడే ఎత్తును కూడా తగ్గించాం. చిప్‌లు వెతికే మెషినే చిప్‌లు పుట్టిస్తే అర్థం లేదు. ఫ్రయబిలిటీ (దొర్లించినప్పుడు బిళ్ల అరిగి రాలే శాతం) ఒక శాతం లిమిట్‌కు దగ్గరగా ఉన్న మెత్తటి బిళ్లలైతే ముందే చెప్పండి, స్పీడు తగ్గించి ట్రయల్ తీస్తాం.

ఏఐ ఉందా అని అడుగుతున్నారు. రిజెక్ట్ అయిన ఫోటోలను రకాల వారీగా సర్దడానికి వాడుతున్నాం. బిళ్లను ఉంచాలా తీసెయ్యాలా అన్న నిర్ణయం మాత్రం రాసిపెట్టిన లిమిట్లే తీసుకుంటాయి. 2025 జులైలో ఐరోపా వాళ్ళు మందుల తయారీలో ఏఐ వాడకం మీద విడుదల చేసిన అనెక్స్ 22 ముసాయిదా కూడా కీలకమైన పనుల్లో నడుస్తూ నడుస్తూ తనంతట తాను మారిపోయే మోడల్ వద్దంటోంది. ఈ బ్యాచ్‌లో రిజెక్ట్ అయిన బిళ్ల వచ్చే బ్యాచ్‌లో ఎందుకు పాసైందో చెప్పలేని మెషిన్ని మీ చేతిలో పెట్టలేను.

మా మెషిన్ చూడలేనివి కూడా చెప్పాలి. బిళ్ల లోపలి పగులు పైకి రాకపోతే కనపడదు. మందు ఎంతుందో, బరువెంతో తెలియదు. రకరకాల చుక్కలు కావాలనే కలిపిన స్పెకిల్డ్ టాబ్లెట్లకు ప్రస్తుతం ఆర్డర్ తీసుకోవడం లేదు. 4 మిల్లీమీటర్ల కన్నా చిన్న బిళ్లలకూ అంతే, ఒకే గుంటలో రెండు కూర్చుంటున్నాయి.

ఇంకో మాట, ప్రొడక్షన్ వాళ్ళ కోసం. రిజెక్ట్ డబ్బా నిండితే మెషిన్ బాగా పనిచేస్తోందని సంతోషించి ఊరుకోకండి, ఫోటోలు తెరిచి చూడండి. 45 స్టేషన్ల (45 జతల పంచ్‌లుండే) ప్రెస్‌లో ఒక్క పంచ్ దెబ్బతింటే దాదాపు 2.2 శాతం బిళ్లల మీద అదే చోట అదే మచ్చ ఉంటుంది. అంటే ఆపాల్సింది ప్రెస్‌ని, మార్చాల్సింది ఆ పంచ్‌ని. క్యాపింగ్ ఎక్కువైతే గ్రాన్యూల్స్ (బిళ్లగా నొక్కే మందు పలుకులు) మరీ ఎండిపోయాయా, ఫైన్స్ (మరీ మెత్తటి పొడి) ఎక్కువయ్యాయా, ప్రెస్ స్పీడు పెంచారా చూసుకోండి. ప్రెస్‌లో ఉన్న సమస్యను మెషిన్‌తో వడపోసి నెట్టుకొద్దామని ఆర్డర్ ఇచ్చేవాళ్ళకు నేను వద్దనే చెబుతున్నాను, పోయే బిళ్లల ఖర్చే మిమ్మల్ని ముంచుతుంది.

ఇప్పటికే నడుపుతున్న వాళ్ళకు రెండు పనులు. పరీక్ష బిళ్లల సెట్ ఎప్పటికప్పుడు మార్చండి. అవే బిళ్లలు రోజూ మెషిన్లో తిరిగి తిరిగి వాటి చిప్పులు పెద్దవవుతాయి, అప్పుడు పరీక్ష తేలికైపోతుంది. రెండోది గాలి. మన కోస్తాలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానలకు కంప్రెసర్ లైన్లో నీళ్ళు చేరతాయి, వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, చెడ్డ బిళ్ల బదులు దాని వెనకది పోతుంది. రిజెక్ట్ డబ్బాలో మంచి బిళ్లలు కనపడటం మొదలైతే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ ముట్టుకోకండి, ముందు డ్రయ్యర్, డ్రెయిన్ చూడండి. సర్వీస్ కాల్స్‌లో చాలావరకు అక్కడే తేలిపోతున్నాయి. ఆ సీజన్‌కి ముందే మా కుర్రాళ్ళు ఒకసారి వచ్చి వాల్వ్‌లు విప్పి చూసి వెళతారు, దానికి ఈ ఏడాది ఛార్జీ లేదు. తేదీ మీ షట్‌డౌన్ బట్టి మీరే చెప్పండి.

ట్రయల్ శాంపిల్స్ పంపే వాళ్ళు డబ్బాలతో పాటు పంచ్ డ్రాయింగ్ కాపీ, గంటకు ఎన్ని బిళ్లల స్పీడు కావాలో, మీ లోపాల లిస్ట్ జతచేయండి. వచ్చిన వరుసలోనే ట్రయల్ తీస్తాం. పాత ఆర్డర్ల వాళ్ళ శాంపిల్స్‌కి మొదటి చోటు.