అమ్మమ్మల జీవితకథలను భద్రపరచాలి
నిండు నూరేళ్లకు దగ్గరగా బతికి ఇంటికి పెద్దదిక్కుగా నిలిచిన స్త్రీల అనుభవాలు ఎక్కడా నమోదు కాకుండానే వారితోపాటు కనుమరుగవుతున్నాయి. గుంటూరు కూడళ్లలో కట్టే పెద్దకర్మ ఫ్లెక్సీల మీద కొడుకులు, అల్లుళ్లు, నాయకుల పేర్లు వరుసగా ఉంటాయి గానీ, ఆ తల్లి ఏ పని చేసి ఇంతమందిని పెంచిందో తెలిపే వాక్యం ఒక్కటీ ఉండదు. ఇటీవల 97వ ఏట కన్నుమూసిన మా అమ్మమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లి, ఘాటుకు మండే వేళ్లకు రాత్రిపూట ఆముదం రాసుకుంటూ నలుగురు బిడ్డలను చదివించారు. 1952లో బెజవాడ వద్ద కృష్ణపై పాత ఆనకట్ట తెగినప్పటి కలవరాన్ని, 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తరువాత అయినవారిని వెతుక్కుంటూ తిరిగిన బంధువుల దుఃఖాన్ని తేదీలతో కాక, ఆ ఏడు ఇంట్లో ఎవరు పుట్టారు, ఏ పంట పోయింది అన్న గుర్తులతో చెప్పేవారు. ఇటువంటి చరిత్రను ఇంటివారి జ్ఞాపకానికే వదిలేయడం తగదు. జిల్లా గ్రంథాలయ సంస్థలు తమ శాఖల ద్వారా ఎనభై ఏళ్లు దాటిన స్త్రీల మాటలను వారి యాసలోనే, సెల్‌ఫోన్‌తోనైనా సరే, రికార్డు చేయించి, ఊరి పేరుతో భద్రపరచాలి. డిగ్రీ కళాశాలల తెలుగు, చరిత్ర విద్యార్థులకు ఈ పనిని ప్రాజెక్టుగా అప్పగించవచ్చు. పత్రికలు సైతం జిల్లా పేజీల్లో వారానికొకసారి కొంత చోటు కేటాయించి, ఈ కథనాలను ఆ తల్లులు జీవించి ఉండగానే ప్రచురించాలి.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు