ఎం.ఏ. ప్రాజెక్టుకు ప్రశ్న సరిహద్దులోనే ఉంది

సంపాదకులకు,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే తెలుగు పిల్లలు ప్రాజెక్టుకు తెచ్చే అంశం చాలావరకు ఒక్కటే: ‘ఫలానా బ్లాకులో రైతుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు’. వంద మందిని అడుగుతారు, శాతాల పట్టికలు వేస్తారు, ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ముగిస్తారు. శ్రమ ఉంది, కానీ ప్రశ్న లేదు. ప్రశ్న లేకుండా ఎంత డేటా పోగేసినా పరిశోధన కాదు.

2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు రూ.2,300. ఒడిశా ప్రభుత్వం దానికి రూ.800 కలిపి రూ.3,100 ఇచ్చింది. పర్లాకిమిడి దాటగానే ఆంధ్రప్రదేశ్‌లో వచ్చే పాతపట్నం రైతుకు ఆ 800 లేదు. మరి ఇటు రైతు చేతికి నిజంగా ఎంత ముట్టింది? అటు వ్యాపారి ఇచ్చే ధర ఏమైనా కదిలిందా? ఒక పేపరుకు ఈ రెండింటిలో ఒక్కటి చాలు.

పథకానికి ముందూ తర్వాతా ఇటు ధర ఎంత మారిందో చూసి, అందులోంచి అటు వచ్చిన మార్పు తీసేస్తే పథకం ప్రభావం మిగులుతుంది. అయితే అంతకుముందు ఇరువైపులా ధరలు ఒకే తీరున నడిచి ఉండాలి. మూడు నాలుగేళ్ల ధరలతో ముందు గ్రాఫు గీసి చూడాల్సింది అందుకే. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఆగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ల వారీ ధరలు ఉచితంగా దొరుకుతాయి. ధర నమోదు కాని రోజును సున్నాగా ఎక్కిస్తే మాత్రం సగటు పనికిరాదు.

అసలు చిక్కులు ఇంకా రెండున్నాయి. ధాన్యం సరిహద్దు దాటితే అటు ఊళ్ల ధర కూడా పథకం వల్లే మారుతుంది, ఇక దేనితో పోలుస్తాం? సరిహద్దు నుంచి 40, 50 కిలోమీటర్ల దూరాన లోపల ఉన్న ఊళ్లను కూడా విడిగా తీసుకోవాలి. రెండోది, రెండు రాష్ట్రాల్లోనూ కొత్త ప్రభుత్వాలు 2024 జూన్ 12నే కొలువుదీరాయి. కొనుగోలు, చెల్లింపు పద్ధతుల్లో వచ్చిన వేరే మార్పులూ ఈ 800 ఖాతాలో పడిపోవచ్చు. ఈ సంగతి పేపర్లో దాచకుండా రాయాలి.

సర్వేలో ‘క్వింటాలుకు ఎంత వచ్చింది?’ అని అడిగితే చాలామంది ప్రభుత్వ ధరే చెబుతారు. ఎన్ని బస్తాలు తీసుకెళ్లారు, బస్తా ఎన్ని కిలోలు, తేమ పేరుతో ఎన్ని కిలోలు తగ్గించారు, బ్యాంకులో ఎంత పడింది అని విడివిడిగా అడగాలి. ఇక్కడి మండీల్లో కట్ని-ఛట్ని అనే కోత అప్పుడే బయటపడుతుంది. బస్తా 75 కిలోలా, 80 కిలోలా తేల్చుకోకపోతే లెక్క ఆరు శాతానికి పైగా తప్పుతుంది. కౌలు రైతు పంట భూయజమాని పేరు మీద అమ్ముడైతే డబ్బు ఎవరి ఖాతాలో పడిందో కూడా రాసుకోవాలి.

రెండు ఊళ్లలో 60 మంది చొప్పున కన్నా 20 ఊళ్లలో ఆరుగురు చొప్పున అడగడం మేలు. మొత్తం అదే 120. ఒకే ఊరివాళ్లు ఎక్కువగా ఒకే సొసైటీకి, ఒకే మిల్లరుకు అమ్ముతారు కాబట్టి వాళ్ల జవాబులు కలుస్తాయి. స్టాండర్డ్ ఎర్రర్లను, అంటే అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలతలను, ఊరి వారీగా క్లస్టర్ చేయకపోతే (ఒకే ఊరి జవాబులను ఒక గుంపుగా లెక్కించకపోతే), ప్రభావం లేనిచోట కూడా ఉన్నట్టు కనబడవచ్చు. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఉచితంగా వచ్చే ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామ్ సరిపోతుంది.

రాసేటప్పుడు గ్రాఫు, ప్రధాన పట్టిక ముందు సిద్ధం చేసుకుని, ఉపోద్ఘాతం చివర రాయాలి. ప్రశ్న, పద్ధతి, జవాబుగా వచ్చిన అంకె మొదటి పేజీలోనే ఉండాలి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు కదా అని, ఇతరుల వాక్యాల్లో మాటలు మార్చి ఆ లోపుకు తేవడం పెద్ద అన్యాయం. పోలిక శాతం తగ్గినంత మాత్రాన అది సొంత ఆలోచన అయిపోదు.

విభాగాధిపతులకు మా విన్నపం ఒక్కటే. కొనుగోళ్లు డిసెంబరు, జనవరిలో జోరుగా ఉంటాయి. అంశం చివరి సెమిస్టర్ మొదలయ్యాక ఖరారు చేస్తే పిల్లలు ఊళ్లకు చేరేసరికి మండీలు ఖాళీ. ఒక్క పేజీ ప్రతిపాదన చదివి సెప్టెంబరుకల్లా అనుమతి ఇవ్వండి, ఒడియాలోనూ తెలుగులోనూ పరిచయ పత్రం రాసివ్వండి.

ఇట్లు,
ఎకనామిక్స్ అధ్యాపకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా