అక్క పైసలు దొరికాయి, ఆ మిషన్ దగ్గరి చెల్లెకు దండం

అక్క పైసలు అక్క చేతికి వచ్చాయి. ఉపాధి హామీ కూలీ, పీఎం కిసాన్ విడత, రెండెకరాలకు తెలంగాణ ప్రభుత్వమిచ్చే రైతు భరోసా, మూడూ. సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. బావ పోయినప్పటి నుంచి మా వెంట నిలబడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. అమ్మకు, చిన్నాన్నకు, మా ఇంట్లో ఆమెకు థ్యాంక్స్ చెప్తే తిడతారు, వదిలేస్తున్నా. ఈ పోస్టు ముఖ్యంగా ఒక్క మనిషి కోసం. ఆమె మాకు చుట్టం కాదు, మా ఊరి మనిషీ కాదు. పక్క ఊళ్ళో బ్యాంకు మిత్రగా వేలిముద్ర మిషన్ పెట్టుకుని కూర్చునే అమ్మాయి. పేరు రాయొద్దంది, రాయను.

బ్యాంకులో అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "ఆధార్ లింకై ఉంది, పైనుంచే రాలేదు." ఈ అమ్మాయి ఆ మాట పట్టుకుని ఆగలేదు. అక్క ఫోన్లోనే *99*99*1# కొట్టించింది. ఆధార్ నంబరు వేస్తే, ఆ ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో వస్తుంది. మా బ్యాంకు పేరు రాలేదు. అక్క ఎప్పుడూ గడప తొక్కని పేమెంట్స్ బ్యాంకు ఒకటి వచ్చింది. వెంటనే మిషన్లో ఆ బ్యాంకును ఎంచుకుని నిల్వ ఎంతుందో చూసింది. తెర అక్క వైపు తిప్పి, "అక్కా, పైసలు రాకపోవుడు కాదు. వచ్చినయి. వేరే ఖాతల పడ్డయి" అంది.

అక్క అక్కడే కూలబడి ఏడ్చింది. వరుసలో ఉన్నవాళ్ళు గొణుగుతుంటే, "జర ఆగుండ్రి, ఆమెవి కష్టం పైసలు" అని ఆ అమ్మాయే వాళ్ళను ఆపి అక్కకు నీళ్ళిచ్చింది. తర్వాత వేలిముద్ర పడలేదు. కలుపు తీసే చేతులకు వేలిగీతలు అరిగిపోతాయి, అదేం వింత కాదు. చేతులు సబ్బుతో కడిగించి, పొడిబట్టతో తుడిపించి, స్కానర్ అద్దం కూడా తుడిచి, కిటికీ వెలుతురు పడకుండా మిషన్‌ను పక్కకు జరిపింది. చూపుడువేలు వదిలేసి ఎడమచేతి ఉంగరపువేలు పెట్టించింది. పడింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు వెనక బ్యాంకులో ఏం అడగాలో తెలుగులో రాసిచ్చింది. నేను డబ్బు ఇవ్వబోతే, "బ్యాంకు నాకు కమీషన్ ఇస్తది. ఆమె పైసలు ఆమెకిచ్చినందుకు నాకెందుకన్నా?" అంది. ఆ మాటకు ఏం చెప్పాలో తెలియక బయటికొచ్చేశాను. అందుకే ఇక్కడ చెప్తున్నా: చెల్లే, నీకు దండం.

ఆ రసీదు వెనక ఉన్నదే కాస్త విడమరిచి రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

ఖాతాకు ఆధార్ లింకు ఉండటం వేరు, ప్రభుత్వ డబ్బు కోసం ఆధార్ సీడింగ్ ఉండటం వేరు. మొదటిది కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో బ్యాంకు సరిచూసుకోవడం; బ్యాంకు తన కంప్యూటర్లో చూసి "ఉంది" అనేది దాన్నే. రెండోది ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్లో, అంటే ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో రాసుండే పట్టికలో ఉంటుంది. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా మ్యాపర్లో ఆ ఆధార్‌కు ఎదురుగా ఒక్క బ్యాంకే ఉంటుంది, అదీ ఎవరు చివర సీడింగ్ చేస్తే వాళ్ళదే. సిమ్ తీసుకునేటప్పుడో, ఫ్రీ ఖాతా అని ఎవరో ఇంటికొచ్చినప్పుడో పెట్టిన వేలిముద్రతో అది మారిపోవచ్చు. 2017లో గ్యాస్ సబ్సిడీలు ఇలాగే జనానికి తెలియని పేమెంట్స్ ఖాతాల్లోకి వెళ్ళి పెద్ద గొడవైంది. ఇప్పటికీ ఊళ్ళలో ఇది తెగలేదు.

సరిచేసుకోవాలంటే మీ అసలు ఖాతా ఉన్న శాఖకే వెళ్ళాలి. "ఆధార్ లింక్ చేయండి" అనకండి, "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి" అనండి (డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం). సమ్మతి ఫారంలో, ఇప్పుడు ముడిపడి ఉన్న బ్యాంకు నుంచి ఈ బ్యాంకుకు మార్చమనే గడి ఉంటుంది, అక్కడ పాత బ్యాంకు పేరు తప్పకుండా రాయాలి. అది ఖాళీగా వదిలేయడం వల్లే మార్పు ఆగిపోతుంటుంది. ఫారం ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాత మళ్ళీ *99*99*1# కొట్టి చూడండి, లేదా మై ఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. మీ బ్యాంకు పేరు, పక్కన యాక్టివ్ అని కనిపించేదాకా పని అయినట్టు కాదు. పాత ఖాతాలో పడిపోయిన డబ్బు వాటంతట అవి ఇటు రావు, అక్కడి నుంచే తీసుకోవాలి. మిషన్లో ఒక్కసారికి పదివేలు దాటి రావు. ఖాతాలో కోత పడి చేతికి నోట్లు రాకపోతే రసీదు పారేయకండి. ఐదు రోజుల్లో తిరిగి జమ చేయాలి, దాటితే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని 2019 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

అసలు తికమక ఎక్కడంటే, అన్ని పైసలూ ఒకే దారిన రావు. ఉపాధి కూలీ 2024 జనవరి 1 నుంచి ఆధార్ దారిలోనే. పీఎం కిసాన్ కూడా అదే దారి. రైతు భరోసా మాత్రం ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర నమోదైన ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) మీద వస్తుంది. కాబట్టి కిసాన్ పడి భరోసా పడకపోతే బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదు, ఏఈవో కూర్చునే రైతు వేదికకు వెళ్ళాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, పాత కోడ్‌లు 2021 మార్చితో చెల్లకుండా పోయాయి. అయినా ఆ పాత పాసుపుస్తకాల జిరాక్సులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొత్త పుస్తకం మొదటి పేజీ జిరాక్సే ఇవ్వండి.

ఇంటి పెద్ద పోయిన ఇళ్ళలో వీటన్నిటికంటే ముందు మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఖర్చు లేదు. తర్వాత విరాసత్, అంటే పట్టా వారసుల పేరుకు మార్చడం: వారసులందరి ఒప్పుకోలు, ఆధార్‌లు, పాత పట్టా పాసుపుస్తకం. పట్టా పేరు మారితేనే భరోసా. కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలన్న నిబంధన ఉన్నా, వారసత్వంగా వచ్చిన భూమికి అది అడ్డు కాదు, కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. పోయినవాళ్ళ పేరు మీద విడతలు పడుతూ ఉంటే వాడుకోకండి, తిరిగి వసూలు చేస్తారు. పాసుపుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటే అక్కడ ఆగుతుంది. కిసాన్ సైటులో ల్యాండ్ సీడింగ్, ఈకేవైసీ, ఆధార్ బ్యాంక్ సీడింగ్ అని మూడు గడులుంటాయి, మూడూ "యస్" కావాలి. ఈకేవైసీకి వేలిముద్ర పడకపోతే యాప్‌లో ముఖం చూపించి చేయొచ్చు.

రైతు బీమా అయిదు లక్షలు మాకు అంతకుముందే అందాయి, అది ఏఈవో సారు పుణ్యం. 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారులకు వర్తిస్తుంది, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. వయసు ఆధార్‌లోనిదే చూస్తారు. పుట్టిన తేదీ తెలియక జనవరి 1 అని వేయించుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో! ఒక్క ఏడాది తేడాతో కుటుంబం మొత్తం పోగొట్టుకుంటుంది. బతికుండగానే సరిచూసుకోండి, నామినీ పేరు కూడా.

ఆ బీమా డబ్బుతో అక్క మొదట చేసింది మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చడం. ఏడాదికి 36 శాతం వడ్డీ కడుతూ ఎక్కడ దాచుకున్నా దండగే. మిగిలిన దాంట్లో రెండు లక్షలు పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో వేసింది. 7.4 శాతం లెక్కన నెలకు 1,233 రూపాయలు. పిల్లల బస్సు, పుస్తకాలు దాంట్లో వెళ్తాయి, ఎవరినీ అడగక్కర్లేదు.

"రెండు వేలతో ఏమైతది, ఆరువేలతో ఏమైతది" అనేవాళ్ళకు ఒక లెక్క. రైతు భరోసా ఎకరానికి 6,000 చొప్పున రెండెకరాలకు పంటకు 12,000. పత్తికి ఎకరానికి రెండు విత్తన ప్యాకెట్లు, 2025లో ప్యాకెట్టు 901, నాలుగింటికి 3,604. డీఏపీ రెండు బస్తాలు 2,700. యూరియా నాలుగు బస్తాలు 1,066. మొత్తం 7,370. మిగతా 4,630 దున్నకానికి, విత్తే కూలీలకు. ఇదే 12,000 ఉద్దెర తెస్తే మూడు రూపాయల వడ్డీకి ఆరునెలల్లో 2,160 అవుతుంది, అంటే ఒక కిసాన్ విడత వడ్డీకే పోయి ఇంకా కట్టాలి. పైగా ఉద్దెర ఇచ్చినాయనకే పత్తి అమ్మాలి, ఆయన చెప్పిందే రేటు. చేతిలో పైసలుంటే పత్తి ఆరబెట్టుకుని, తేమ 8 శాతానికి తెచ్చి, సీసీఐకి (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) పూర్తి మద్దతు ధరకు అమ్ముకోవచ్చు; 12 శాతం దాకా కొంటారు గానీ ధరలో కోత పడుతుంది. ఆ డబ్బు వచ్చేదీ ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకే, మళ్ళీ అదే సీడింగ్.

అందుకే ఎంత వచ్చిందో దానికంటే ఎప్పుడు వచ్చిందన్నదే పెద్ద సంగతి. మృగశిర కార్తెకు పడితే విత్తనానికి, ఆషాఢంలో పడితే కలుపుకు, ఇంకా ఆలస్యమైతే షావుకారు బాకీకి. ఇంకొకటి, అక్క పేరు మీద, అక్క వేలికే వస్తుంది కాబట్టి ఇంట్లో ఆ పైసల గురించి ఇప్పుడు అక్కనే అడుగుతున్నారు.

కోపం కూడా ఉంది, దాచుకోను. సీడింగ్ మారినప్పుడు ఆ మనిషికి తెలుగులో ఒక్క మెసేజ్ రాదు. విడత పడ్డట్టు సైటు చెప్తుంది, చేతికి రాలేదని మనిషి చెప్తుంది, ఈ రెండింటి మధ్య ఏ ఖాతా అని చూసే బాధ్యత ఎవరిదీ కాదు. మేం వెళ్ళిన శాఖ పేరు రాయను గానీ, ఆ అమ్మాయి నిలబడ్డ చోటే చూసిన పని అక్కడ కంప్యూటర్ ముందున్నవాళ్ళు చూడలేకపోయారా? చదువురాని ఆడమనిషి మ్యాపర్ గురించి తెలుసుకుని వచ్చి అడగాలా? కౌలు రైతుల సంగతి మొదలుపెడితే ఈ పోస్టు అయిపోదు. వాళ్ళు దున్నిన భూమికి భరోసా పట్టాదారుకు పడుతుంది.

ఇంకా చెప్పాల్సినవాళ్ళు: విరాసత్ కాగితాలు వరుసగా పెట్టించిన పంచాయతీ కార్యదర్శి మేడం. పనిదినాల మస్టర్ తీసి ఏ వారం కూలీ ఎప్పుడు పడిందో చూపించిన ఫీల్డ్ అసిస్టెంట్ అన్న. తోడుగా వచ్చి సంతకాలు పెట్టిన అక్క సంఘం వాళ్ళు, వీళ్ళను పైనే రాయాల్సింది. అయ్యో, ఆటో తమ్ముడు! ఎండలో అంతసేపు ఆగి వెయిటింగ్ తీసుకోలేదు. జిరాక్స్ షాపాయన కూడా, చిల్లర తర్వాత ఇవ్వమన్నాడు, ఇంకా ఇవ్వలేదు, రేపు ఇస్తా.