వార్షిక నివేదిక: కొతొతోయి వంతెన వద్ద నివాళి

గౌరవనీయులైన సంఘ సభ్యులకు నమస్కారం. పండుగ కార్యక్రమాల వివరాలను, జమాఖర్చులను సర్వసభ్య సమావేశంలో విడిగా సమర్పిస్తున్నందున, ఈ ఏడాది కొత్తగా చేపట్టిన ఒక్క కార్యక్రమం గురించే ఇక్కడ నివేదిస్తున్నాం. 1945 మార్చి 10 నాటి వైమానిక దాడిలో మరణించిన టోక్యో పౌరులకు సుమిదా నదిపై ఉన్న కొతొతోయి వంతెన వద్ద మన కుటుంబాలు నివాళి అర్పించాయి.

మన సభ్యులలో పలువురు నివసిస్తున్న కోతో వార్డులో అధికభాగం ఆ రాత్రే కాలి బూడిదయింది. అర్ధరాత్రి దాటాక దాదాపు 300 అమెరికన్ బి-29 విమానాలు చెక్క ఇళ్లు కిక్కిరిసిన పేటలపై నిప్పు బాంబులు కురిపించగా, ఈదురుగాలికి మంటలు వీధుల వెంట పరుగెత్తి, తెల్లవారేసరికి సుమారు లక్షమంది ప్రాణాలు తీశాయి. పది లక్షలమందికి పైగా నిలువనీడ కోల్పోయారు.

1923 భూకంపం తరువాతి పునర్నిర్మాణంలో భాగంగా 1928లో పూర్తయిన ఈ వంతెన మీదికి అసాకుసా వైపు నుంచి, ముకోజిమా వైపు నుంచి జనం ఏకకాలంలో పరుగెత్తారు. అవతలి ఒడ్డు చేరితే బతుకుతామన్న ఆశ ఇరువైపుల వారికీ ఒక్కటే. మూటలతో, బండ్లతో, చంటిబిడ్డలతో వచ్చినవారు నడుమ ఎదురుపడి, ముందుకు గానీ వెనక్కు గానీ కదలలేని స్థితిలో ఉండగా మంటలు వంతెనను చుట్టుముట్టాయి. నదిలోకి దూకినవారిలోనూ ఎందరో చలినీటిలో ప్రాణాలు విడిచారు. మృతదేహాలను పక్కనే ఉన్న సుమిదా పార్కులో తాత్కాలికంగా పాతిపెట్టి, తరువాతి కాలంలో వెలికితీసి దహనం చేశారు. ఆ దాడి మృతుల అస్థికలు నేడు యొకొఅమిచో పార్కులోని స్మారక మందిరంలో ఉన్నాయి.

వంతెన మీద వాహనాలు నేటికీ యథావిధిగా తిరుగుతున్నాయి. 1992లో రెయిలింగ్ మరమ్మతు చేసినప్పుడు తొలగించిన అడుగు దిమ్మెల ముక్కలను అసాకుసా వైపు పార్కులో మృతుల స్మారక శిల చెంత భద్రపరిచారు. వంతెన చివరల నిలిచిన స్తంభాలపై నల్లని మరకలు నాటి మంటలవేనని చెబుతారు. నిత్యం నడిచే దారిలోనే జ్ఞాపకాన్ని నిలపడం సముచితమని, పిల్లలకు చరిత్ర ఇలాగే చేతికందాలని కార్యవర్గం అభిప్రాయపడుతోంది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసిన సంగతిని కూడా పిల్లలకు చెప్పాం. ఇది లెక్కలు సరిచూసుకోవడానికి కాదు; బాంబు కింద నిలిచిన సామాన్యుడు ఏ దేశస్థుడైనా మనకు ఆత్మీయుడేనని వారు గ్రహించాలని.

ఈ కార్యక్రమానికి తెలుగు కరపత్రం ముద్రణ ఖర్చు తప్ప సంఘ నిధి వినియోగించలేదు. వచ్చే మార్చిలో వంతెనతో పాటు కితసునాలోని వైమానిక దాడుల సమాచార కేంద్రాన్ని కూడా సందర్శించాలని ప్రతిపాదిస్తున్నాం. సమావేశం ఆమోదించిన పక్షంలో, పాల్గొనదలచిన కుటుంబాలవారు తమ పేర్లను జనవరి నెలాఖరులోగా కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.