వైకుంఠం బొమ్మల గురించి రమణకి

గుంటూరు,
ఆదివారం.

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో చిత్రకారుడు తోట వైకుంఠం గురించి నువ్వన్న మాట నాకు మింగుడు పడలేదురా. "వైకుంఠం బొమ్మల్లో ఏముంది, ఎప్పుడూ అదే బొట్టు, అదే చీర, అదే చిలక. హోటల్ గోడకి బాగుంటాయి" అన్నావు. పక్కన జనం ఉండి అప్పుడు గట్టిగా మాట్లాడలేకపోయాను. ఇవాళ తీరిక దొరికింది, రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు.

హోటల్ గోడల సంగతి నిజమే. మా అరండల్‌పేటలో పటాలు కట్టే షాపులో కూడా వెంకటేశ్వరస్వామి పక్కన ఆ బొమ్మలే వేలాడుతున్నాయి, ఎవరో చూసి వేసినవి. వాటి ముందు కాసేపు నిలబడ్డాను. నకలు తీసినవాళ్ళు ఒంటి రంగు తేల్చేశారు, నడుం సన్నం చేశారు, పెదాల మీద నవ్వు పెట్టారు. అసలు బొమ్మల్లో ఆడమనిషి నేరేడుపండు రంగులో ఉంటుంది. భుజాలు బలంగా ఉంటాయి. నుదుటి మీద రూపాయంత బొట్టు, చెవులకీ ముక్కుకీ నిండుగా నగలు, కొంగు భుజం చుట్టూ బిగించి ఉంటుంది. మన మెప్పు కోసం నవ్వదు. తన పనిలో తను ఉన్నట్టు పక్కకి చూస్తుంటుంది. నువ్వు చూసి విసుక్కున్నది ఆ నకళ్ళనే అని నా అనుమానం.

ఆ భుజాల దగ్గరే నాకు అసలు విషయం ఉందనిపిస్తుంది. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు ఊళ్ళోకి నాటకాలవాళ్ళు వచ్చేవాళ్ళట. అందులో ఆడవేషాలు కట్టే మగవాళ్ళని చూసి ఆ పిల్లాడు మైమరచిపోయేవాడట. ఇది తెలిశాక ఆ బొమ్మల్ని మళ్ళీ చూడరా. బొట్టు ఎందుకంత పెద్దదో, కళ్ళకి కాటుక ఎందుకంత దట్టమో, నిలబడ్డ తీరులో ఆ ధీమా ఎక్కడిదో అర్థమవుతుంది. ఎదురుగా కూర్చున్న ఆఖరి మనిషికి కూడా కనపడాలని దిద్దిన మొహాలవి. ఊళ్ళో పొద్దున్నే చూసే అమ్మలూ అత్తలూ, రాత్రి నాటకంలో చూసిన ఆడవేషాలూ ఆ పిల్లాడి కళ్ళల్లో ఒక్కటైపోయారు. ఇది నా ఊహే అనుకో, కానీ గట్టిగా నమ్ముతున్నాను.

ఈ మాట మన వైపు వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. బాపట్లలో పుట్టిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కట్టి, 1956లో పద్మశ్రీ అందుకున్న గడ్డ మనది. మన చిన్నప్పుడు తిరనాళ్ళలో తెర వెనక్కి దూరి తొంగి చూశాం, గుర్తుందా? ఎవరో ఆడవేషం కట్టే నటుడు అర్దళం పూసుకున్న మొహంతో, పంటి కింద పిన్నులు పట్టుకుని, ఒక చేత్తో సవరం సర్దుకుంటున్నాడు. చెంప మీద రంగు ఎండి, గడ్డం గీసిన చోట సన్నగా పగుళ్ళు వచ్చాయి. స్టేజీ మీదికొచ్చి జడ ముందుకేసుకోగానే ఆ పగుళ్ళు మనకి ఒక్కటీ కనపడలేదు. నువ్వైతే కన్నార్పలేదు.

వైకుంఠం హైదరాబాదులో చదువుకుని, ఆ తర్వాత బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. అక్కడి ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ కోసం తన చేత్తో ఆటబొమ్మలు చేసి ఇచ్చిన గురువాయన. పల్లెటూరి చేతిపనిని చిన్నచూపు చూడని మనిషి. అలాంటి చోట చదివినవాడు తన ఊరి మనుషుల్నే ఎంచుకోవడంలో వింతేముంది?

అంతా అందమేనా, ఆ ఊళ్ళో కష్టం లేదా అని కూడా అంటావు, నాకు తెలుసు. దొర గడీలో బతుకు ఈడ్చే ఆడదాని కథ "దాసి" సినిమాకి కళాదర్శకుడు ఈయనే. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ గోడల మధ్య చీకటి ఆయనకి తెలుసు. తెలిసీ ఆ ఆడవాళ్ళకి తల ఎత్తుకునే నిలకడ, కుంకుమ ఎరుపు, పసుపు ఇచ్చారు. నాకు అది గౌరవంలా కనిపిస్తుంది. ఆ రంగుల్లో నీడలు పెద్దగా ఉండవు, చూశావా? ఎరుపంటే అంచు దాకా ఎరుపే. పసిపిల్లలకి రంగులు అలాగే కనపడతాయి. మనం పెద్దయ్యాక నీడలు వెతకడం మొదలుపెడతాం.

ఇక అదే చీర, అదే చిలక అన్నావు చూడు. త్యాగరాజ కీర్తనలు వింటూ మళ్ళీ రాముడేనా అని ఎప్పుడైనా విసుక్కున్నావట్రా?

నువ్వు హైదరాబాదులో ఉండి కూడా ఫోన్లో బొమ్మలు చూసి తీర్పులు చెప్పడం ఏం బాలేదు. ఏ గ్యాలరీలోనైనా ఆయన అసలు బొమ్మ పెట్టారని తెలిస్తే వెళ్ళు, మా చెల్లెమ్మని కూడా తీసుకెళ్ళు, ఆవిడ నీకంటే బాగా చూస్తుంది. దగ్గరికి వెళ్ళి ఆ గీత చూడు. భుజం మీంచి మోచేతి దాకా ఎక్కడా తడబడకుండా ఎలా దిగుతుందో చూడు. అప్పటికీ హోటల్ గోడ గుర్తొస్తే నాతో పోట్లాడుదువుగాని. దసరాకి ఎలాగూ వస్తున్నావుగా, ఆ షాపు నీకూ చూపిస్తాను.

అమ్మ నిన్ను అడిగిందని చెప్పమంది. ఈసారి గోంగూర పచ్చడి సీసాలో కాకుండా డబ్బాలో పంపుతుందట, కారిపోతుందని భయం.

నీ
సుబ్బారావు