ఈసారి కుట్టు ముడతలు పడటానికి కారణం దారం కాదు

గత మూడు వారాల్లో మా దగ్గర పల్చటి బట్టలు కుట్టించుకున్న ఖాతాదారుల్లో కొందరు, పక్క కుట్లు ముడతలు పడుతున్నాయనీ, కుట్టు చివరకు వచ్చేసరికి పై బట్ట కొంత మిగిలిపోయి అంచులు కలవడం లేదనీ తెలియజేశారు. మొదట మేము నెపం దారం మీద వేసి, పైదారం బిగువు తగ్గించాము. దానివల్ల కుట్టు అడుగున దారం ఉంగరాలు తిరిగిందే తప్ప ముడతలు పోలేదు.

అసలు లోపం ప్రెషర్ ఫుట్, అంటే కుట్టేటప్పుడు బట్టను పైనుంచి నొక్కి ఉంచే పాదం, ఒత్తిడిలో ఉంది. అంతకుముందు మందపాటి కాన్వాస్ సంచుల పని వచ్చినప్పుడు మెషీన్ తలపై ఉండే ఒత్తిడి స్క్రూను బిగించి, పని ముగిశాక దాన్ని తిరిగి వదులు చేయడం మరిచిపోయాము. బట్టను వెనక్కి జరిపేవి నీడిల్ ప్లేటు (సూది కింద ఉండే లోహపు పలక) సందుల్లోంచి పైకి లేచే ఫీడ్ డాగ్ పళ్ళు. అవి పట్టుకునేది అడుగు పొరను మాత్రమే కాబట్టి, పై పొర దానితో పాటు ఫుట్ కింద జారుతూ రావాలి. ఫుట్ అతిగా నొక్కినప్పుడు పై పొర వెనకబడుతుంది, పల్చటి బట్టయితే పళ్ళ గుర్తులు కూడా పడతాయి. అలాగని మరీ వదులు చేసినా కుదరదు. సూదితో పాటు బట్ట పైకి లేచి కుట్లు తప్పుతాయి.

ఒకే బట్టలోంచి 50 సెంటీమీటర్ల పట్టీలు రెండేసి కత్తిరించి, చేత్తో లాగకుండా కలిపి కుట్టి చూశాము. మొదటిసారి పై పట్టీ 9 మిల్లీమీటర్లు మిగిలింది. ఒత్తిడి స్క్రూ కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ వదులు చేసి, స్క్రూను అరచుట్టు చొప్పున తిప్పుతూ మళ్ళీ మళ్ళీ కుట్టగా, నాలుగో జతకు ఆ తేడా 1 మిల్లీమీటరు లోపుకు వచ్చింది. ఇంత చిన్న పనికి మూడు వారాలు పట్టడం మాకే సిగ్గుగా ఉంది.

మరో మెషీన్లో ఫుట్ ఎత్తు సరిచేసేటప్పుడు ప్రెషర్ బార్‌ను (ఫుట్ బిగించి ఉండే కడ్డీని) పట్టి ఉంచే స్క్రూ వదులు చేశాము, కానీ బిగించే ముందు సూది ఫుట్ గాడి మధ్యలోకి దిగుతోందో లేదో చూడలేదు. ఫుట్ వెంట్రుకవాసి పక్కకు తిరిగి, సూది గాడి అంచును రాసుకుంటూ మొన వంగింది. కొన్ని రవికల మీద పోగులు లాగినట్టు కనిపించడానికి కారణం ఇదే. ఇప్పుడు మోటారు ఆపి, ఫీడ్ డాగ్ ప్లేటు కిందికి దిగేలా చక్రం చేత్తో తిప్పి, ఫుట్‌ను ప్లేటు మీద చదునుగా ఆనించి, గాడికి రెండు వైపులా సందు సమానంగా ఉండేలా బిగించాము. సూది కూడా మార్చాము.

ముడతలు పడిన కుట్లను రుసుము లేకుండా విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాము. అయితే శాటిన్, పట్టు బట్టల్లో పాత సూది రంధ్రాలు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి, వాటిని విప్పే ముందు మీకు చూపించి, మీరు ఒప్పుకుంటేనే ముట్టుకుంటాము. పోగులు లాగిన బట్ట కుట్టు విప్పితే బాగుపడదు. అలాంటి వాటికి బట్ట ఖరీదు మేమే భరిస్తాము. ఇకనుంచి మందపు పనికి ఒక మెషీన్‌ను విడిగా కేటాయిస్తున్నాము. ఈ సవరణల వల్ల కొత్త ఆర్డర్లు నాలుగు రోజులు ఆలస్యంగా అందుతాయి.